టెక్ సందేహాలు: కాటలీనాకి గ్రిడ్ చాలట్లేదు, రౌటర్‌కేమో తలుపే లేదు

ప్రశ్న: సార్, మేం ఐదుగురం ఆన్‌లైన్‌లో టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడతాం, నేనే గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపేవాణ్ని. 1942 హిందూ మహాసముద్రం కథ, అందులో కాటలీనా సీప్లేన్ పెడదామని చాట్‌బాట్‌ని అడిగి స్టాట్స్ రాసుకున్నా, హెచ్‌పీ (ఎన్ని దెబ్బలు తట్టుకుంటుందో చెప్పే అంకె) 120 అని. బొమ్మ మ్యాప్ మీద పెట్టగానే అందరి ల్యాప్‌టాప్‌లూ హ్యాంగ్. పైగా డల్లాస్‌లో ఉన్న మా బావ నా పీసీలో నడిచే గేమ్ సర్వర్‌కి కనెక్ట్ అవ్వట్లేదు. ఏదో వీడియో చూసి రౌటర్‌లో డీఎంజెడ్ ఆన్ చేశా, ఫైర్‌వాల్ ఆపేశా, అయినా లాభం లేదు. (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బొమ్మ సంగతి ముందు తేల్చేద్దాం. ఫైల్ తొమ్మిది ఎంబీయే కదా అంటారు, కానీ మీరు పెట్టింది 12,000 బై 8,000 పిక్సెల్స్ పీఎన్‌జీ, బ్రౌజర్‌లో విప్పుకున్నాక పిక్సెల్‌కి నాలుగు బైట్ల చొప్పున 384 ఎంబీ తింటుంది. మ్యాప్ మీద గళ్లు, అదే గ్రిడ్, గడికి ఐదడుగులు అనుకుంటే కాటలీనా రెక్కలు ఈ చివర్నుంచి ఆ చివరకి 104 అడుగులు, అంటే 21 గళ్లు, పొడవు 64 అడుగులు, 13 గళ్లు. గడికి వంద పిక్సెల్స్ చాలు, 2,100 బై 1,300కి కుదించి వెబ్‌పీలో సేవ్ చేస్కోండి, 11 ఎంబీతో సరిపెట్టుకుంటుంది.

అయినా అది గాల్లో ఉన్నప్పుడు గ్రిడ్ ఎందుకండీ, గంటకి 125 మైళ్లు లెక్కేసినా ఆరు సెకన్ల రౌండ్‌లో 1,100 అడుగులు పోతుంది, 220 గళ్లు, అంత మ్యాప్ ఎవరు గీస్తారు? లంగరేసి నీళ్లమీద ఉన్నప్పుడూ, కథ విమానం లోపల నడిచినప్పుడూ గ్రిడ్ తీయండి. లోపల మాత్రం ఒక్కో ప్లేయర్‌కి ఒక్కో మూల దొరుకుతుంది, ముక్కులో గన్నర్, కాక్‌పిట్ వెనక నావిగేటరూ రేడియో ఆపరేటరూ, రెక్కని మోసే స్తంభంలో పైకెక్కి ఒంటరిగా కూర్చునే ఫ్లైట్ ఇంజనీర్, ఆ వెనక పడుకోడానికి బంకులు, ఇంకా వెనక రెండు పక్కలా గాజుబుడగల్లాంటి బ్లిస్టర్లు.

ఇక మీ చాట్‌బాట్. సీప్లేన్ అనగానే కడుపు కింద రెండు తెప్పలు తగిలించేసింది. కాటలీనా ఫ్లయింగ్ బోట్, దాని ఒళ్లే నీళ్లమీద కూర్చుంటుంది, ఫ్లోట్లు రెక్కల దగ్గర ఉంటాయి, ఎగిరాక పైకి మడుచుకుని రెక్క చివర్లయిపోతాయి. విశాఖ రన్‌వే మీద దిగిందని కూడా రాసుకున్నారు, చక్రాలున్న రకం వేరే ఉంది గానీ మీ కథకి కావల్సిన బ్రిటిష్ కాటలీనాకి చక్రాల్లేవు. రెండు మోడళ్లూ కలిపి పులుసు పెట్టి ఇస్తే మీరు కాపీ కొట్టారు.

అన్నిటికన్నా నాకు మండింది ఆ హెచ్‌పీ 120 చూసి. తప్పు మీదొక్కరిదే కాదు, ఈ గేమ్ సాఫ్ట్‌వేర్లలో వాహనం అంటే దెబ్బలు తినే పెట్టె, వేరే కాలమ్ ఉండదు. కాటలీనా బలం ఓపిక, దాదాపు 4,000 కిలోమీటర్లు తిరిగి సముద్రంలో ఎవరున్నారో చూసి చెప్పడం. 1942 ఏప్రిల్ 4న సిలోన్‌లోని కొగ్గల నుంచి లేచిన పైలట్ బిర్చాల్ కాటలీనా జపాన్ క్యారియర్ల (విమానాలు మోసే యుద్ధనౌకల) దండుని చూసింది, మెసేజ్ మూడుసార్లు పంపాలన్నది రూలు, మూడోసారి పంపుతుండగా రేడియో పోయింది, విమానం సముద్రంలో పడింది, తొమ్మిదిమందిలో ఆరుగురే బతికి బందీలయ్యారు. మర్నాడు కొలంబో మీద బాంబులు, 6వ తారీఖున ఇంకో దండులోని ర్యూజో అనే క్యారియర్ విమానాలు విశాఖ మీదా మీ కాకినాడ మీదా. హెచ్‌పీ తీసేసి మూడు గళ్ల రేడియో ట్రాక్ పెట్టండి, రౌండ్‌కి ఒక గడి, జీరోలు (జపాన్ ఫైటర్ విమానాలు) దగ్గరవుతుంటే ఆపరేటర్ పాచికలు వేస్తాడు, రెండో గడికే బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడరు చూడండి.

ఇప్పుడు డీఎంజెడ్. ఈ నెలలో ఇదే ఉత్తరం నాలుగోది, ఒకరు సీసీ కెమెరా కోసం, ఇంకొకరు క్రికెట్ గేమ్ కోసం. డీఎంజెడ్ అంటే బయట్నుంచి పిలవకుండా వచ్చే ప్రతీదాన్నీ మీ పీసీ మీదకి తోలేయడం, గేమ్ పోర్ట్ (గేమ్ వాడే తలుపు) ఒక్కటే కాదు, ఫైల్ షేరింగ్, రిమోట్ డెస్క్‌టాప్, అన్నీ. దానికి తోడు ఫైర్‌వాల్ ఆపారు, గేమ్ సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఖాళీ, మీ స్క్రీన్‌షాట్‌లోనే కనపడింది. ఇలాంటి మెషీన్ల కోసం రోజంతా పోర్టులు తడిమే బాట్లు ఉంటాయి, వాటికి మీ ఊరూ పేరూ అక్కర్లేదు.

అయినా బావ ఎందుకు రాలేకపోయాడంటే, రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు మీ రౌటర్ అడ్రస్) చూడండి, 10తో గానీ 100.64 నుంచి 100.127 మధ్య గానీ మొదలైతే మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచుతోందని. అప్పుడు మీరు రౌటర్‌లో ఏం తెరిచినా బయట్నుంచి దారి లేదు, ప్రస్తుతానికి అదే మిమ్మల్ని కాపాడుతోంది, రేపు కంపెనీ పబ్లిక్ ఐపీ ఇచ్చిందనుకోండి, అర్ధరాత్రి మీకు చెప్పకుండానే తలుపు బార్లా తెరుచుకుంటుంది. ఇవాళే డీఎంజెడ్ ఆపండి, యూపీఎన్‌పీ (ప్రోగ్రాములు మిమ్మల్ని అడక్కుండానే రౌటర్‌లో పోర్టులు తెరిచే ఏర్పాటు) ఆపండి, ఫైర్‌వాల్ పెట్టండి, అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టండి, పీసీలో తెలియని యూజర్ అకౌంట్ ఏదైనా చేరిందేమో చూడండి. ఐదుగురూ ఒక ప్రైవేట్ వీపీఎన్ యాప్ (మీ మెషీన్లని మాత్రమే కలిపే సొంత దారి) వేసుకుని దాన్లోంచి సర్వర్‌కి వస్తే ఏ పోర్టూ తెరవక్కర్లేదు, ఆట అవగానే సర్వర్ కట్టేయండి.

1943 నుంచి 1945 దాకా ఆస్ట్రేలియాలోని పెర్త్‌కీ కొగ్గలకీ మధ్య కాటలీనాలు ప్యాసింజర్లతో 27 నుంచి 33 గంటలు ఆగకుండా ఎగిరేవి, జపాన్ వాళ్లకి దొరక్కుండా రేడియో నోరు మూసుకుని, నక్షత్రాలు చూసుకుంటూ. మీ పీసీ మాత్రం ఆట లేని రోజు కూడా నేనిక్కడున్నా అని అరుస్తూ కూర్చుంది.

అసలు ఈ రౌటర్లు చేసేవాళ్లని అనాలి. డీఎంజెడ్ బటన్‌ని గేమింగ్ అనే మెనూలో పెట్టిన పేజీ నేనే చూశా, పక్కన ఒక్క హెచ్చరిక లేదు, కుర్రాళ్లు నొక్కక ఏం చేస్తారు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వస్తే కొత్త రంగులొస్తాయి, ఆ బటన్ మాత్రం అక్కడే ఉంటుంది.

అన్నీ ఆపేశాక మళ్లీ స్క్రీన్‌షాట్ పంపండి, ఈసారి వైఫై పాస్‌వర్డ్ కనపడకుండా.