డాక్టర్ సలహా: చలికాలం వస్తే చాలు నిద్ర, నీరసం... ఇది బద్ధకమేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. మాది ఖమ్మం జిల్లా. రెండేళ్లుగా అమెరికాలోని మిన్నెసోటా ఉత్తరాన, ఐరన్ రేంజ్ అనే గనుల ప్రాంతంలో పల్లె లాంటి చిన్న ఊళ్లో ఉంటున్నాం. డులూత్ వెళ్లాలంటే గంటన్నర ప్రయాణం. నవంబరు వచ్చిందంటే పది, పదకొండు గంటలు పడుకున్నా నిద్ర తీరదు. అన్నం, స్వీట్లు తెగ తింటున్నాను, ఐదు కిలోలు పెరిగాను. ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. నిరుడూ ఇంతే, ఏప్రిల్‌లో దానంతటదే పోయింది. మావారు బద్ధకమంటారు, మా అమ్మ చలి పడలేదంటుంది. ఒళ్లంతా దురద కూడా ఉంది. మా మామయ్యగారు ఈ చలికాలం మా దగ్గరే ఉన్నారు. ఆయనకు 66 ఏళ్లు, బీపీ మందులు వాడతారు. పొద్దున్నే పార పట్టుకుని వాకిట్లో మంచు ఎత్తుతున్నారు. "మట్టి తవ్విన చేతులు, మంచు ఒక లెక్కా" అంటారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అసలు విషయమంతా "ఏప్రిల్‌లో దానంతటదే పోయింది" అన్న మాటలో ఉంది. బద్ధకమైతే నెల చూసుకుని రాదు, నెల చూసుకుని పోదు. వరసగా రెండేళ్లు ఇలాగే జరగడం, నిద్ర పెరగడం, అన్నం, తీపి మీదికి మనసు పోవడం, బరువు పెరగడం... ఇవన్నీ కలిపి చూస్తే సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అనే, కాలాన్ని బట్టి వచ్చిపోయే ఒక రకం డిప్రెషన్‌లా కనిపిస్తోంది. 1984లో నార్మన్ రోసెంథాల్ అనే సైకియాట్రిస్టు, ఆయన సహచరులు దీనికి ఈ పేరు పెట్టారు. మామూలుగా డిప్రెషన్ అంటే నిద్ర పట్టదు, అన్నం సహించదు అనుకుంటాం. ఇందులో తరచుగా రెండూ ఎక్కువవుతాయి. అందుకే ఇంట్లోవాళ్లకు ఇది జబ్బులా కనిపించదు. మీ వారికి ఈ పేరా చదివి వినిపించండి.

చలి పడలేదన్న మీ అమ్మగారి మాట సగం నిజం. చలికి అందరికీ ముడుచుకుని పడుకోవాలనే ఉంటుంది. కానీ మీ మీద ఎక్కువ దెబ్బ వేస్తున్నది చీకటి. ఖమ్మంలో డిసెంబరులో కూడా పగలు పదకొండు గంటలుంటుంది. మీరున్నచోట ఎనిమిదిన్నర గంటలే. ఇంచుమించు ఎనిమిదికి తెల్లారుతుంది, సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గూకుతుంది. పొద్దున కంట్లో పడే వెలుగును బట్టే మెదడులోని గడియారం నడుస్తుంది. ఆ వెలుగు ఆలస్యమైతే గడియారం వెనకబడుతుంది, పగలు కూడా మెదడు రాత్రి మూడ్‌లోనే ఉండిపోతుంది. నేనూ చదువుకునే రోజుల్లో రెండు చలికాలాలు ఉత్తరాన గడిపాను. మధ్యాహ్నం టీ తాగి కప్పు కింద పెట్టేసరికి వీధి దీపాలు వెలిగేవి. మొదటి నెల సరదాగా ఉండేది. తర్వాత సరదా లేదు.

ముందు మీ ఊరి క్లినిక్‌లో థైరాయిడ్, రక్తహీనత, బీ12, విటమిన్ డీ పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ తగ్గినా అచ్చం ఇలాగే నిద్ర, బరువు, నీరసం ఉంటాయి. మీరు శాకాహారులైతే బీ12 మరీ ముఖ్యం.

ఇక వైద్యం. 10,000 లక్స్ (వెలుగును కొలిచే లెక్క) వెలుగిచ్చే లైట్ బాక్స్ అనే దీపం దొరుకుతుంది. అల్ట్రావయొలెట్ కిరణాలు రానిదే కొనండి. ఇంట్లో మామూలు బల్బుల వెలుగు కొన్ని వందల లక్స్‌కు మించదు కాబట్టి హాల్లో లైట్లన్నీ వేసుకున్నా ఆ పని జరగదు. నిద్ర లేచిన గంటలోపే దాని ముందు అరగంట కూర్చోండి. మొహానికి జానెడున్నర, రెండు జానెల దూరంలో కాస్త పక్కగా పెట్టుకోవాలి. కళ్లు తెరిచే ఉండాలి గానీ, దాన్నే గుడ్లప్పగించి చూడక్కర్లేదు. అక్కడే కాఫీ తాగండి, కూర తరుక్కోండి. సాయంత్రం మాత్రం వద్దు, రాత్రి నిద్ర చెడుతుంది. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. బాగుందని జనవరిలోనే మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మార్చి దాటేదాకా వాడండి, వచ్చే ఏడాది ఆకులు రాలే రోజుల్లోనే మొదలుపెట్టండి. షుగర్ వల్ల గానీ మరోలా గానీ కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు, బైపోలార్ (ఒకసారి విపరీతమైన హుషారు, ఒకసారి కుంగుబాటు వచ్చే) సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దీన్ని వాడకూడదు.

దీనితో పాటు మధ్యాహ్నం పూట ఇరవై నిమిషాలు బయట నడవండి. మబ్బు పట్టిన రోజైనా బయటి వెలుగు ఇంట్లోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, పైగా మంచు దాన్ని తిరగ్గొడుతుంది. అయితే మీది ఆషామాషీ చలి కాదు. మీ ప్రాంతంలోని టవర్ అనే ఊళ్లోనే 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 51 సెల్సియస్ నమోదైంది. ఫోన్లో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి బయల్దేరకండి, విండ్ చిల్, అంటే గాలి కూడా కలిస్తే ఒంటికి తగిలే చలి ఎంతో చూడండి. సున్నా ఫారెన్‌హీట్ ఉండి గంటకు 15 మైళ్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 19 ఫారెన్‌హీట్‌లా తగులుతుంది. అప్పుడు కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. ముక్కు, చెవులు, వేళ్లు ముందు పోతాయి. అలా తెల్లబడి మొద్దుబారితే రుద్దకండి, పొయ్యి దగ్గర కాచకండి. గోరువెచ్చని నీళ్లలో పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. అంత చలి ఉన్న రోజు కిటికీ పక్కన లైట్ బాక్సే మీ నడక.

వీటితో తగ్గకపోతే కౌన్సెలింగ్ ఉంది, మందులున్నాయి. ఎప్పుడైనా బతకాలని లేదనిపిస్తే వాయిదా వేయొద్దు. అలాంటప్పుడు సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి అమెరికాలో ఎక్కడినుంచైనా ఫోన్ చేయొచ్చు.

విటమిన్ డీ గురించి ఒక హెచ్చరిక. అంత ఉత్తరాన చలికాలపు ఎండకు చర్మం విటమిన్ డీ తయారు చేయలేదు, మన చామనఛాయకు అసలే ఎక్కువ ఎండ కావాలి. మీ వయసుకు రోజుకు 600 యూనిట్లు అవసరం. అంతవరకూ సరే. కానీ మనవాళ్లు ఇండియా నుంచి 60,000 యూనిట్ల సాచెట్లు సూట్‌కేసులో తెచ్చుకుని రోజూ వేసుకోవడం చూశాను. అవి లోపం ఉన్నవాళ్లకు సాధారణంగా వారానికొకటి, అదీ కొన్నాళ్లే ఇస్తాం. రిపోర్టు చూడకుండా ముట్టుకోకండి.

దురదకు కారణం చాలావరకు ఒంటిని పొడిబార్చే హీటర్ గాలి. పొగలు కక్కే నీళ్లు, సున్నిపిండి రెండూ చలికాలం అయ్యేదాకా పక్కన పెట్టండి. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో స్నానం ముగించి, ఒళ్లు తడి ఆరకముందే వాజెలిన్ లాంటిది రాసుకోండి. కొబ్బరినూనె రాసినా తప్పులేదు గానీ, 24 డిగ్రీల సెల్సియస్ లోపు అది గడ్డకడుతుంది, మీ ఇంట్లో సీసా రాయిలా ఉండి ఉంటుంది.

చివరికి మామయ్యగారు. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆయనే. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. దానిపైన చేతులతో బరువెత్తడం, ఊపిరి బిగబట్టడం, అదీ లేచీ లేవగానే. ఖమ్మంలో ఎండలో మట్టి తవ్వినప్పుడు ఆయన గుండె మీద ఈ భారం లేదు, వయసు కూడా 66 కాదు. అమెరికాలో భారీగా మంచు కురిసిన ప్రతిసారీ పార పట్టుకుని కుప్పకూలినవాళ్లు ఆసుపత్రులకు వస్తుంటారు. ఆయన్ని వద్దనకుండా వేరే పని ఇవ్వండి. మీ ఊళ్లో పికప్ ట్రక్కుకు ప్లౌ (మంచును తోసే పెద్ద పలక) తగిలించుకుని డబ్బులకు వాకిళ్లు ఊడ్చేవాళ్లు ఉంటారు, మాట్లాడుకోండి. ఛాతీలో బరువు, దవడ లాగడం, చెమట, ఆయాసం ఏది కనిపించినా వెంటనే అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి, కార్లో మీరు తీసుకెళ్లే ప్రయత్నం చేయొద్దు. అంబులెన్స్ మీ ఇంటికి రావాలంటే రోడ్డు పక్కన ఉండే ఇంటి నంబరు పలక, అక్కడ ఫైర్ నంబర్ అంటారు చూడండి, అది కనబడాలి. మంచు గుట్టలో అది కూరుకుపోకుండా రోజూ చీపురుతో దులిపే పని మామయ్యగారికి అప్పగించండి. ఆయనకు తగినంత వ్యాయామం అది.