గులాబీ గురించి, గ్లాసులో నీళ్ల గురించి

చెల్లెమ్మా,

నీ కథ మొన్న రాత్రి ఒకసారి, ఇవాళ పొద్దున్న ఇంకోసారి చదివాను. ఆస్పత్రి మంచం మీద తండ్రి, ఏళ్ల తరబడి ఆయనతో మాటల్లేని కూతురు, పక్కన బల్ల మీద గ్లాసులో ఒక గులాబీ. తండ్రి ప్రాణం పోతుంటే గులాబీ రేకులు ఒక్కొక్కటే రాలిపోతాయి. "పువ్వుని ప్రతీకగా సరిగ్గానే వాడానా అక్కా, అదొక్కటే టెన్షన్‌గా ఉంది" అని రాశావు.

సూటిగానే చెప్తాను, బాధపడకు. ఆ రేకులు రాలిన చోట నా కళ్లు తడవలేదు. అవి రాలతాయని నాకు మొదటి పేజీలోనే తెలిసిపోయింది. గులాబీ అంటే ప్రేమ, మల్లె అంటే స్వచ్ఛత, వాడిన పువ్వు అంటే చావు. ఈ లెక్కంతా పాఠకుడికి మనకంటే ముందే వచ్చు. వచ్చిన పాఠమే మళ్లీ అప్పజెప్తే తల ఊపి పేజీ తిప్పేస్తాడు.

అసలు పువ్వుకి ఒకే అర్థం రాసిపెట్టి ఉండదు. మోదుగు పువ్వునే తీసుకో. రూపం, యౌవనం, గొప్ప వంశం అన్నీ ఉన్నా చదువు లేనివాళ్లు వాసన లేని మోదుగు పూలలా శోభించరని ఒక పాత సంస్కృత శ్లోకం. 'నిర్గంధా ఇవ కింశుకాః' అంటుంది. నిజాం పాలన మీద జనం తిరగబడిన కాలం గురించి దాశరథి రంగాచార్య గారు నవల రాస్తే, దానికి పేరు 'మోదుగుపూలు'. అక్కడ పనికిమాలినతనానికి గుర్తయిన పువ్వే ఇక్కడ ఎగసిన మంట. ఇద్దరిలో ఎవరూ ఆ పువ్వులో లేనిదాన్ని తెచ్చి అంటగట్టలేదు, గమనించావా? మోదుగుకి వాసన లేదన్నది నిజం. ఆకులన్నీ రాలిపోయాక మోడుగా నిలబడ్డ చెట్టు నిలువెల్లా ఎర్రగా అంటుకున్నట్టు పూయడమూ నిజం. ఒకరు ముక్కుతో చూశారు, ఇంకొకరు కంటితో చూశారు.

ఈ చూడడం దగ్గర నేనూ దెబ్బతిన్నాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక కథలో, నడిమధ్యాహ్నం పారిజాతం చెట్టు కింద నిలబడ్డ అమ్మాయి మీద పూలు జలజలా రాలినట్టు రాశాను. ఎంతో కవిత్వం రాశాననుకున్నాను. కథ అచ్చయిన వారానికి ఒక పాఠకురాలి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "పారిజాతం మధ్యాహ్నం దాకా కొమ్మ మీద ఎందుకుంటుందమ్మా?" ఆ ఒక్క వాక్యమే. సిగ్గుతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత పనిగట్టుకుని ఆ చెట్టు దగ్గరికి వెళ్లి చూశాను. చీకటి పడుతుండగా మొగ్గ విచ్చుకుంటుంది. తెల్లటి రేకులు గాలిమర రెక్కల్లా కొంచెం మెలితిరిగి ఉంటాయి. తెల్లవారేలోపు, ఎవరూ కోయకుండానే, కొమ్మ కదపకుండానే రాలిపోతుంది. చప్పుడు కూడా ఉండదు. నేల మీద కొన్ని బోర్లా, కొన్ని వెల్లకిలా. కాషాయ రంగు కాడని వేళ్ల మధ్య నలిపితే ఆ రంగు చర్మానికి అంటుకుంటుంది. ఒక్క రాత్రి బతుకు, అడక్కుండా రాలిపోవడం, వేలికి అంటిన రంగు. వీటిలో ఏ ఒక్కటి పట్టుకున్నా నా కథ నిలబడేది. నేను చూడకుండా రాశాను గనక ఒక్కటీ నాకు దొరకలేదు.

పారిజాతం అన్నాను గనక నంది తిమ్మన గుర్తొస్తున్నాడు. 'పారిజాతాపహరణం'లో గొడవంతా ఒక్క పువ్వు గురించే. నారదుడు తెచ్చిన పువ్వుని కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడు. ఆ సమయానికి సత్యభామ అక్కడ లేనే లేదు. చెలికత్తె వచ్చి చెప్తే విని, దెబ్బతిన్న ఆడపాములా, నెయ్యి పోస్తే భగ్గుమన్న మంటలా లేచింది. ఆమెని మండించింది పువ్వు అందమా, వాసనా? కాదు కదా. ఎవరికి ఇచ్చాడు, ఎవరికి ఇవ్వలేదు అన్నదే. పువ్వు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్లిన ఆ కాస్త దూరంలోనే కావ్యమంతా పుట్టింది. నేను మళ్లీ మళ్లీ చదివే ఘట్టం అది. నువ్వూ చదువు, ముందు వ్యాఖ్యానం తోడు పెట్టుకునైనా సరే.

ఇవ్వలేకపోయిన పువ్వు ఇంకా బలంగా తగులుతుంది. షేక్‌స్పియర్ నాటకం 'హామ్లెట్' నాలుగో అంకంలో, తండ్రి చనిపోయి మతి చెదిరిన ఒఫీలియా అందరికీ పూలూ ఆకులూ పంచుతుంది. రోజ్‌మెరీ జ్ఞాపకానికి, పాన్సీలు ఆలోచనలకి అని అర్థాలు కూడా తనే చెప్తుంది. అంటే ఆ లెక్కలన్నీ షేక్‌స్పియర్‌కీ వచ్చు, ఎదుట కూర్చున్న ప్రేక్షకులకీ వచ్చు. కానీ చివర్లో ఆమె అంటుంది కదా, మీకు వయొలెట్లు కూడా ఇచ్చేదాన్నే, మా నాన్న పోయినప్పుడు అవన్నీ వాడిపోయాయి అని. అక్కడికొచ్చేసరికి నాకు గొంతు పట్టేస్తుంది. రోజ్‌మెరీకీ పాన్సీలకీ అర్థం చెప్పిన పిల్ల, లేని పువ్వు దగ్గర మాత్రం అర్థం చెప్పదు.

ఒక నోట్‌బుక్ పెట్టుకో. చూసింది చూసినట్టు రాయడానికే, ఉపమానాలకి కాదు. 1802 ఏప్రిల్ 15న ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ తన చెల్లెలు డొరొతీతో నడుస్తూ సరస్సు ఒడ్డున డాఫొడిల్స్ అనే పసుపు పూలు చూశాడు. చెల్లెలు వాటి గురించి డైరీలో రాసుకుంది. కొన్ని పూలు అలసిపోయి రాళ్ల మీద తలగడ మీదలా తల వాల్చాయని, మిగతావి గాలికి ఊగుతూ నాట్యం చేశాయని రాసింది. అన్న వాటి మీద పద్యం రాసింది సుమారు రెండేళ్ల తర్వాత. అచ్చయింది 1807లో. పద్యం ప్రపంచమంతా తెలుసు. నాకు మాత్రం ఆ రాళ్ల మీద తల వాల్చిన పూలే ఎక్కువ ఇష్టం. అవి పద్యంలోకి రాలేదు.

ఇక నీ గులాబీ. అసలు దాన్ని ఎవరు తెచ్చారు? కథలో ఎక్కడా లేదు. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి 'పుష్పవిలాపం' చదివే ఉంటావు, కనీసం ఘంటసాల గొంతులో వినే ఉంటావు. అందులో పూలు దేనికీ గుర్తుగా ఊరికే నిలబడవు, తమ ప్రాణం గురించి తామే మాట్లాడతాయి. నీ గులాబీ కూడా ఎవరో ఒకరు ఒక కొమ్మ నుంచి తుంచితేనే కదా ఆ బల్ల మీదికొచ్చింది. నర్సు తెచ్చిందా? కూతురే తెచ్చి, తను తెచ్చినట్టు చెప్పలేకపోయిందా? ఈ రెండూ రెండు వేరే కథలు.

ఇంకో పని చెయ్యి. ఒక గులాబీ తెచ్చి గ్లాసులో పెట్టి వారం రోజులు చూడు. రేకులు నువ్వు రాసినట్టు ఒక్కొక్కటే అందంగా రాలకపోవచ్చు. ముందు అంచులు నల్లబడతాయి. చాలాసార్లు మెడ వంగిపోయి, రేకులు రాలకుండానే తల వేలాడేసి అలాగే ఎండిపోతుంది. నీళ్లు మసకబారతాయి, కాడ అడుగున జిగురు పడుతుంది, వాసన మొదలవుతుంది. ఆస్పత్రి గదిలో ఆ వాసన ఎవరికి ముందు తెలుస్తుంది?

నీ కథలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. నువ్వు దాన్ని పట్టించుకోకుండా దాటిపోయావు. మూడో పేజీలో, "మాట్లాడడానికి ఏమీ లేక రోజూ గ్లాసులో నీళ్లు మార్చేది" అని రాశావు. నేను దాని కింద పెన్సిల్‌తో రెండు గీతలు గీశాను. ఏళ్ల తరబడి ఆ తండ్రీ కూతుళ్లు దాచుకున్నదంతా ఆ నీళ్లలో ఉంది. ఆమె గ్లాసు ఎత్తుతుంటే ఆయన కళ్లు తెరిచి చూశాడా? కాడ చివర కత్తిరించడానికి బ్లేడు అడిగిందా ఎవర్నైనా? ఒక్కరోజు రాలేకపోతే ఏమైంది?

ఆఖరి పేజీలోంచి రేకులు తీసెయ్. ఆయన పోయిన మర్నాడు పొద్దున్న, మంచం ఇంకా దులపకముందు, ఆ గ్లాసులో నీళ్లు ఎవరు మార్చారో రాసి నాకు పంపు. ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
అక్క