లాగింగ్ మొదలవగానే డెడ్‌లైన్ తప్పుతోందంటే ముందు ప్రయారిటీ చూడండి

గుణుపూర్ నుంచి అడిగిన తమ్ముడికి,

మీ మోటార్ థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని) 10 మిల్లీసెకన్లకోసారి రెండో బోర్డులోని సెన్సర్ సర్వర్‌ని రీడింగ్ అడుగుతుంది. అక్కడ లాగింగ్ (జరిగేవన్నీ రాసిపెట్టే పని) నడిచినప్పుడు మాత్రం జవాబు ఆలస్యమవుతోంది. మెసేజ్‌లు పంపుకోవడానికే సమయం పోతోందనుకుని, పరికరాల్ని నడిపే డ్రైవర్లన్నీ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోపలికి తెచ్చేద్దామంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మెసేజ్ ఖర్చే కారణమైతే లాగింగ్ లేనప్పుడూ ఆలస్యం కావాలి కదా!

ఇది ప్రయారిటీ ఇన్వర్షన్, అంటే ముఖ్యమైన పని తక్కువ ముఖ్యమైన పని వల్ల ఆగిపోవడం. మీ సర్వర్ ప్రయారిటీ 8, లాగర్‌ది 12, మోటార్‌ది 20 అని రాశారు (అంకె పెద్దదైతే ప్రయారిటీ ఎక్కువ). 20 వాడు అడిగిన పనిని 8 వాడు చేస్తుంటే, మధ్యలో 12 వాడు సీపీయూ లాక్కుంటున్నాడు. 1997లో అంగారకుడి మీద నాసా నౌక పాత్‌ఫైండర్ పదేపదే రీసెట్ అయిందీ ఇలాంటి చిక్కుతోనే. మ్యూటెక్స్‌కి (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే తాళం) ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ (ఎదురుచూస్తున్న వాడి ప్రయారిటీ తాళం పట్టుకున్న వాడికి ఇవ్వడం) ఆన్ చేసి భూమి మీంచే సరిచేశారు.

మీరూ అదే చేయండి. మెసేజ్ అందుకోగానే సర్వర్ క్లయింట్ (అడిగిన థ్రెడ్) ప్రయారిటీతో నడవాలి, క్యూఎన్ఎక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్నట్టు. సర్వర్ వేరే పనిలో ఉండగా పెద్ద ప్రయారిటీ మెసేజ్ వచ్చి క్యూలో నిలబడినా అప్పుడే సర్వర్ ప్రయారిటీని పైకి లేపాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే. క్యూ కూడా వచ్చిన వరుసలో కాకుండా ప్రయారిటీ వరుసలో ఉండాలి.

మీవి రెండు బోర్డులు కాబట్టి ప్రయారిటీని ప్యాకెట్ హెడర్‌లోనే పంపండి. ప్యాకెట్లు అందుకునే నెట్‌వర్క్ థ్రెడ్ ప్రయారిటీ లాగర్ కంటే పైనుండాలి, లేకపోతే హెడర్‌ని చదివే నాథుడే ఉండడు. టైమవుట్ తప్పనిసరి. రీడింగ్ రాకపోతే మోటార్ ఏం చేయాలో మొదటి బోర్డులోనే రాసి ఉండాలి.

మార్చాక సగటు చూడకండి, లాగింగ్ ఆన్‌లో ఉంచి అత్యధిక ఆలస్యం ఎంతో కొలిచి ఇక్కడ పెట్టండి.