రసాయన పురుగుమందులతో మేలు ఎక్కువా, కీడు ఎక్కువా?

మేలు ఉంది, కాదనలేం. 2020లో రాజస్థాన్‌పై మిడతల దండు విరుచుకుపడినప్పుడు మలాథియాన్ లాంటి మందులే ఆదుకున్నాయి. అలాంటి వేళ వేప కషాయం చాలదు.

కీడు ఎలా మొదలవుతుందో వరిలో చూడండి. వరి రసం పీల్చి దోమపోటు (పైరు ఎండిపోవడం) తెచ్చే సుడిదోమ అనే పురుగును సాలీళ్లు, మిరిడ్ నల్లులు తింటాయి. తొలిదశలోనే సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు చల్లితే ఈ మిత్ర పురుగులు చచ్చిపోతాయి. దోమ గుడ్లు మాత్రం మొక్క కణజాలం లోపల భద్రంగా ఉంటాయి. అవి పొదిగేసరికి పిల్లలను తినేవి పొలంలో మిగలవు. దోమ మునుపటికంటే పెరుగుతుంది, రైతు మళ్లీ అప్పు చేసి మందు కొంటాడు. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. ఇండోనేషియా 1986లో 57 రకాల మందులను వరిపై నిషేధించి, పురుగుమందుల రాయితీలను క్రమంగా ఎత్తేసింది. అయినా దిగుబడి కుప్పకూలలేదు.

గట్టు దాటితే నష్టం ఇంకా విస్తరిస్తుంది. పైరిత్రాయిడ్లు నీటిలో కలిస్తే చేపలు చస్తాయి. పూత సమయంలో చల్లే ఇమిడాక్లోప్రిడ్ తేనెటీగలకు విషం. డీడీటీ అయితే ఏళ్ల తరబడి నేలలో నిలిచి, ఆహార గొలుసు వెంట పైకి పాకి, డేగల గుడ్ల పెంకులను పలచబరిచింది.

కాబట్టి తేదీ చూసి మందు కొట్టకండి. నాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి, దుబ్బు మొదళ్లలో దోమను లెక్కపెట్టండి, ఉద్ధృతి హద్దు దాటితేనే దోమపై మాత్రమే పనిచేసే మందు ఎంచుకోండి.