మళ్లీ మొదలెట్టినవాడి గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

కథ అందింది. మొదటి నాలుగు పేజీలు ఆపకుండా చదివించావు. పేచీ అంతా ఐదో పేజీతోనే. డీ-అడిక్షన్ సెంటర్లో మూడు నెలలుండి వచ్చిన నీ హీరో వారం తిరక్కుండా మళ్లీ హెరాయిన్ సూది గుచ్చుకున్నాడు. అందుకు నువ్వు చెప్పిన కారణం ఒక్క ముక్క: ‘వాడికి మనసు మీద అదుపు లేదు.’ పక్కింటివాళ్లు అంటే సరే, నువ్వూ అదే అంటే ఎలా?

ఆ సన్నివేశాన్ని సూది దగ్గర కాదు, వాడు బస్సు దిగిన దగ్గర మొదలెట్టు. సిరంజీలు కొన్న మెడికల్ షాపు, సరుకు తెచ్చేవాడి బండి చప్పుడు, చేతిలో పడ్డ ఐదొందల నోటు. వాడింకా ఏ నిర్ణయమూ తీసుకోకముందే మెదడు లోతుల్లో వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా అనే చోటు నుంచి న్యూక్లియస్ అకంబెన్స్ అనే ఇంకో చోటికి డోపమైన్ అనే రసాయనం వెళ్లిపోతుంది. మెదడు శాస్త్రవేత్త వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాలు చదువు. మొదట్లో పళ్లరసం నోట్లో పడ్డప్పుడు డోపమైన్ వదిలే మెదడు కణాలు ఉలిక్కిపడేవి. రసానికి ముందు ఒక సంకేతం వస్తుందని కోతికి అలవాటయ్యాక, ఆ సంకేతానికే ఉలిక్కిపడ్డాయి. రసం వచ్చినప్పుడు పెద్ద చలనం లేదు. అందుకే ‘డోపమైన్ అంటే ఆనందం’ అన్న నీ వాక్యం కొట్టేయ్. వ్యసనం మీద పరిశోధన చేసిన రాబిన్సన్, బెరిడ్జ్ 1993లోనే చెప్పారు: కావాలనిపించడం వేరు, బాగుండటం వేరు. వాడకం ముదిరేకొద్దీ మొదటిది పెరుగుతుంది, రెండోది పెరగదు. అంటే నీ హీరో ఆ మందును అసహ్యించుకుంటూనే దాని కోసం పరిగెత్తగలడు. ఇంత సంఘర్షణ చేతిలో పెట్టుకుని బలహీనుడని సరిపెట్టేశావు!

గుర్తులకి భావోద్వేగాన్ని ముడేసే అమిగ్డలా, ముదిరిన అలవాటును నడిపే డోర్సల్ స్ట్రియాటం, వద్దని ఆపాల్సిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్... వీటి పని తెలుసుకో, పేర్లు మాత్రం కథలోకి రానివ్వకు.

ఇన్సులా మాత్రం నీకు బాగా పనికొస్తుంది. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, మెదడులో ఆ భాగం దెబ్బతిన్న పొగరాయుళ్లలో కొందరు సిగరెట్ ఇట్టే మానేశారు. తాగాలన్న సంగతే తన ఒళ్లు మర్చిపోయిందన్నాడట ఒకాయన. కోరిక ఒంట్లో తెలుస్తుందన్నమాట. అందుకని ‘వాడికి మళ్లీ కోరిక పుట్టింది’ అని రాయకు. గొంతులో, కడుపులో ఏమవుతోందో రాయి.

మూడు నెలలయింది కదా, మర్చిపోయుంటాడులే అని తల్లి అనుకుంటుంది. అనుకోనీ, తల్లి కదా. కానీ రచయితగా నీకు తెలియాలి: కొకైన్ మానిపించిన ఎలుకల్లో, పాత గుర్తు కనబడగానే మందు కోసం మీట నొక్కడం తొలి రెండు నెలల్లో తగ్గకపోగా పెరిగిందని 2001లో చూశారు. పైగా మానేసిన ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి ఉండదు. వాడు పాత కొలతే ఎక్కించుకుంటే ప్రాణం పోవచ్చు. నీ కథలో ఈ ప్రమాదం ఊసే లేదు.

ఊరు మారితే? వియత్నాంలో హెరాయిన్‌కి బానిసలైన అమెరికన్ సైనికుల్ని, 1971లో ఇళ్లకు తిరిగొచ్చాక పరిశోధకురాలు లీ రాబిన్స్ గమనించింది. చాలామంది మళ్లీ బానిసలు కాలేదు. చోటు మారడం ఒక్కటే కారణమని చెప్పలేం గానీ, నీ హీరోని అదే వీధికి, అదే గదికి తెచ్చి పడేశావన్నది మాత్రం గుర్తుంచుకో.

ఐదో పేజీ తిరగరాసి పంపు. తండ్రి పాత్ర జోలికి పోకు, బాగా కుదిరింది.

ఉంటాను.