మే నెలలో కూడా ఫుల్ హ్యాండ్సేనా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాలుగేళ్లప్పుడు అమ్మ అన్నం వారుస్తుంటే పరుగెత్తుకుంటూ వెళ్లి గిన్నెకి తగిలాను. వేడి గంజి కుడి భుజం నుంచి మోచేతి కింది దాకా పడింది. తొడ మీది చర్మం తీసి అతికించారు. ఇప్పటికీ చెయ్యంతా ముడతలుగా, వేరే రంగులో ఉంటుంది. ఊహ తెలిశాక ఫుల్ హ్యాండ్స్ తప్ప వేసుకోలేదు. టెన్త్‌లో నామినల్ రోల్స్ రాసేటప్పుడు గుర్తింపు కోసం సార్ ఆ మచ్చ రాయబోతే ఏడ్చి గొడవ చేసి, మెడ మీది పుట్టుమచ్చ రాయించుకున్నాను. ఇప్పుడొక సంబంధం దాదాపు కుదిరింది. అబ్బాయి మంచివాడిలాగే ఉన్నాడు. అమ్మేమో ‘పెళ్లయ్యాక నెమ్మదిగా తెలుస్తుందిలే, ముందే చెప్పి చెడగొట్టుకోకు’ అంటోంది. తిరుపతికి మొక్కుకుంది కూడా. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. మన మచ్చల్ని మనం ప్రేమించాలంటారు. నాకు దాన్ని చూస్తేనే అసహ్యం. సర్జరీ చేయిస్తే పోతుందా? నేనేం చేయాలి?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ఆ మచ్చని మీరు ప్రేమించాల్సిన పనేమీ లేదు. ఇరవై రెండేళ్లుగా అసహ్యించుకుంటున్నదాన్ని రేపటి నుంచి అందంగా ఉందనుకోమంటే ఎవరివల్లా కాదు. పైగా, అలా అనుకోలేకపోతున్నానే అని ఇంకో బాధ మొదలవుతుంది. ఆ మచ్చ గుర్తొచ్చినప్పుడల్లా మీ పని, మీ నిద్ర, మీ సరదా ఆగిపోకుండా ఉంటే ఇప్పటికి చాలు.

అయితే ఆ చెయ్యి ఎలా బాగుపడిందో మీకెవరూ చెప్పి ఉండరు. అతికించిన చర్మానికి మొదటి ఒకటి రెండు రోజులు రక్త ప్రసారమే ఉండదు. కింది గాయం నుంచి ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. ఆ తర్వాత కింద నుంచి సన్నటి రక్తనాళాలు పెరిగి అందులోకి చేరాలి. చేరకపోతే ఆ చర్మం నల్లబడి ఊడిపోతుంది. మీకు ఊడిపోలేదు. తర్వాత ఏడాది, ఏడాదిన్నర పాటు అక్కడ చర్మానికి గట్టిదనాన్నిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పేరుకుంటూ, సర్దుకుంటూ వచ్చింది. నాలుగేళ్ల పిల్ల ఒళ్లు ఇంత పని చేసుకుంది. ఈ రోజు మీరు ఆ చేత్తోనే లాప్‌టాప్ కొడుతున్నారు, అన్నం తింటున్నారు.

ఇంకో సంగతి. లోతుగా కాలిన చోట చెమట గ్రంథులు, నూనె గ్రంథులు పోతాయి. అందుకే అక్కడ చెమట పట్టదు, చర్మం పొడిబారుతుంది, దురద పెడుతుంది. హైదరాబాద్ ఎండల్లో దాని మీద మందపాటి ఫుల్ హ్యాండ్స్ వేస్తే ఉక్క, చిరాకు ఇంకా పెరుగుతాయి. దాచడానికి వేసుకున్న గుడ్డే రోజంతా ఆ చేతిని మీకు గుర్తు చేస్తోందన్నమాట.

అందరూ నా చేతినే చూస్తున్నారని మీకు అనిపిస్తూ ఉంటుంది. 1980లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో క్లెక్, స్ట్రెంటా అనే ఇద్దరు సైకాలజిస్టులు దీని మీద ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరి ముఖం మీద మేకప్‌తో పెద్ద మచ్చ వేసి, అద్దంలో చూపించి, కొత్తవాళ్లతో మాట్లాడటానికి పంపారు. పంపే ముందు ‘మచ్చ ఆరిపోకుండా క్రీమ్ రాస్తాం’ అని చెప్పి, వాళ్లకి తెలియకుండా ఆ మచ్చని తుడిచేశారు. తిరిగొచ్చాక వాళ్లు ‘మాతో తేడాగా మాట్లాడారు, మచ్చనే చూశారు’ అని చెప్పారు. లేని మచ్చని! మీ బాధంతా ఊహే అనడానికి ఈ సంగతి చెప్పడం లేదు. మీ మచ్చ నిజం, కొందరు చూస్తారన్నదీ నిజం. కాకపోతే అందులో ఎంత వాళ్ల చూపో, ఎంత మన భయమో అన్నది దాచుకుని కూర్చుంటే ఎప్పటికీ తేలదు.

మీ ఉత్తరం చదివాక నేను ఎక్కువసేపు ఆలోచించింది మీ అమ్మగారి గురించి. ఆ రోజు గిన్నె ఆవిడ చేతిలో ఉంది. వార్చేటప్పుడు పిల్లలు కాళ్లకి అడ్డం పడటం ఏ ఇంట్లోనైనా జరుగుతుంది. అయినా ఆస్పత్రికి చూడటానికి వచ్చినవాళ్లలో ఒక్కరైనా ‘పిల్లని చూసుకోవద్దూ?’ అని ఉంటారు. ఆ మాట ఆవిడకి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉండొచ్చు. మీ చేతితో పాటు తన తప్పుని కూడా కప్పిపెట్టుకుంటోందేమో అని నా అనుమానం. చిన్నపిల్లకి అదంతా ఏం తెలుస్తుంది? అమ్మ దాస్తోంది కాబట్టి ఇది సిగ్గుపడాల్సిన విషయమే అనుకుని ఉంటారు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని అడగండి: ‘అమ్మా, ఆ రోజు అసలేం జరిగింది? ఆస్పత్రిలో ఎన్నాళ్లున్నాం?’ ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. ‘నీ వల్లే’ అనే మాట మాత్రం సరదాకి కూడా అనకండి.

తిరుపతి మొక్కు ఉందన్నారు కదా, వెళ్లినప్పుడు మహాద్వారం దగ్గర గోడకి ఉండే గునపాన్ని అమ్మగారికి చూపించండి. బాలుడిగా వచ్చిన స్వామి గడ్డానికి అనంతాళ్వారు అనే భక్తుడు విసిరిన గునపం తగిలిందని, ఆ గాయానికే ఇప్పటికీ పచ్చకర్పూరం పెడుతున్నారని తిరుమలలో చెప్పుకునే కథ. గడ్డం మీద ఆ తెలుపు లేని స్వామిని మనలో ఎవరం ఊహించుకోలేం. కొట్టిన గునపాన్ని కూడా ఎక్కడా దాచలేదు, వచ్చేపోయేవాళ్లకి కనబడేచోటే ఉంచారు. నా మాట వినకపోయినా ఆవిడ ఈ మాట వినొచ్చు.

ఇక పెళ్లి సంగతి. అబ్బాయికి చెప్పాల్సిందే, అదీ ముహూర్తం పెట్టుకోకముందే. పెళ్లయ్యాక తెలిస్తే మచ్చ సంగతి వెనక్కి పోయి ‘మా దగ్గర దాచారు’ అనే మాట మిగులుతుంది. దానికి ఏ సర్జరీ లేదు. ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి. ఫొటో పంపొద్దు. అది వాళ్ల ఫ్యామిలీ గ్రూపులో తిరగదన్న గ్యారంటీ లేదు. పెద్ద ఉపోద్ఘాతం కూడా అక్కర్లేదు. ‘నాలుగేళ్లప్పుడు గంజి పడి కుడి చెయ్యి కాలింది. మచ్చ పెద్దదే. మీకు ముందే తెలియాలని చెప్తున్నాను’ అనండి. సారీ చెప్పకండి. ‘మీకేం ఇబ్బంది లేదు కదా?’ అని అప్పటికప్పుడు అడిగేస్తే ఆయన మొహమాటానికి లేదంటారు. ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు టైమివ్వండి. పిల్లలకి వస్తుందా అని వాళ్ల పెద్దవాళ్లు అడిగితే కోపం తెచ్చుకోకండి. కాలిన మచ్చ వంశపారంపర్యంగా రాదని చెబితే సరిపోతుంది.

ఇదే మచ్చ అబ్బాయి చేతి మీద ఉంటే అసలు ప్రస్తావనే వచ్చేది కాదు. ఇది అన్యాయమే, నేను కాదనను. అబ్బాయి కాదంటే మీకు బాధ కలుగుతుంది, కొన్నాళ్లు ఏడుస్తారు కూడా. అయినా మొదటి రాత్రి లైటు ఆర్పమని బతిమాలుకుంటూ మొదలుపెట్టే కాపురం మీకొద్దు.

సర్జరీ చేయిస్తే పూర్తిగా పోతుందా అంటే, పోదు. పోతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. మోచెయ్యి పూర్తిగా చాపలేకపోయినా, చర్మం లాగినట్టు ఉన్నా ఆ బిగుతుని ఆపరేషన్‌తో వదులు చేయగలరు. ఉబ్బెత్తుగా ఉన్నచోట ఇంజెక్షన్లు, గరుకుదనానికి లేజర్ కొంత పనిచేస్తాయి. మచ్చ మీద అంటించే సిలికాన్ షీట్లు ఎక్కువగా పనికొచ్చేది కొత్త మచ్చలకే. ఒకసారి ప్లాస్టిక్ సర్జన్‌ని కలిసి ఎంత మెరుగవుతుందో నేరుగా అడగండి. ఉస్మానియా ఆసుపత్రిలో కూడా ఆ విభాగం ఉంది. పెళ్లిలోపు అయిపోవాలని మాత్రం తొందరపడొద్దు. కోసిన చోట కొత్త మచ్చ వస్తుంది, అది సర్దుకోవడానికి మళ్లీ ఏడాది పడుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబరిచే క్రీముల జోలికి అసలు వెళ్లకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, వాడేకొద్దీ చర్మం పలచబడుతుంది.

ఈలోపు రోజూ స్నానం అయ్యాక ఆ చేతికి మాయిశ్చరైజర్ రాయండి. పక్కకి చూస్తూ గబగబా కాకుండా, చెయ్యి వైపు చూస్తూ నిదానంగా. మొదట్లో గుండె దడదడలాడొచ్చు, అలవాటయ్యేకొద్దీ తగ్గుతుంది. తర్వాత ఇంట్లో షార్ట్ హ్యాండ్స్, ఆపైన బాగా నమ్మకమున్న ఒక స్నేహితురాలి ముందు. ఆఫీసు చివర్లో చూసుకోవచ్చు. ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ తప్పనిసరి, ఆ చర్మం తొందరగా కమిలిపోతుంది. ఎప్పుడైనా మళ్లీ ఫుల్ హ్యాండ్స్ వేసుకోవాలనిపిస్తే వేసుకోండి, ఓడిపోయినట్టేం కాదు. అబ్బాయితో మాట్లాడాక కూడా నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకుండా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఫంక్షన్లలో ‘అయ్యో, ఇదేంటమ్మా?’ అంటూ చెయ్యి పట్టుకుని తిప్పి చూసే పెద్దమ్మలు ఎలాగూ ఉంటారు. వాళ్లకి మొత్తం కథ చెప్పాల్సిన అవసరం లేదు. ‘చిన్నప్పుడు గంజి పడింది పెద్దమ్మా. మీరు భోంచేశారా?’ అనేసి ముందుకెళ్లిపోండి.