అరకు ఉద్యోగానికి వెళ్లాలా వద్దా: మా అమ్మాయికి ఒక లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. అరకులో కాఫీ శుద్ధి చేసే సంస్థలో నాణ్యత చూసే ఉద్యోగం వచ్చిందనీ, జీతం ఇప్పటికంటే కొంత తక్కువైనా పని మనసుకు నచ్చిందనీ, అల్లుడుగారు సరేనంటున్నా మీ అత్తగారు మాత్రం ఏ మాటా చెప్పడం లేదనీ, హైదరాబాదు వదిలి వెళ్లాలో వద్దో పాలుపోవడం లేదనీ రాశావు. ఆ కొండల్లో బ్యాంకు ఉద్యోగం చేస్తూ పిల్లల్ని పెంచినవాణ్ణి కనుక నాకు తెలిసినంత మేరకు దాపరికం లేకుండా చెబుతాను. నీ ఉద్యోగం మంచిదా కాదా అన్నది ఈ నిర్ణయంలో సగమే. నువ్వు పనిలో ఉన్న వేళల్లో ఇంట్లో ఉండే ముగ్గురికీ అక్కడ పొద్దు ఎలా గడుస్తుందన్నది మిగతా సగం, నా దృష్టిలో అదే బరువైన సగం.

మీరు నిరుడు డిసెంబరులో అరకు చూసి వచ్చారు. వలిసె పూలతో పొలాలన్నీ పచ్చగా మెరుస్తూ, పొద్దున్నే లోయ నిండా మంచు కమ్ముకుని, ఎండ మొహం మీద హాయిగా పడే ఆ నెలలో చూస్తే ఎవరికైనా అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. అయితే అక్కడ కాపురం చేసేవాళ్ల ఓపికను పరీక్షించేవి శ్రావణ భాద్రపదాలు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఆ లోయలో ముసురు పట్టిందంటే రోజుల తరబడి సూర్యుడు కనబడడు. జాడీలో ఉప్పు నీరు కారుతుంది, బీరువాలో పెట్టిన పట్టుబట్టలకు బూజు పడుతుంది, గోడలు చెమ్మగిల్లుతాయి. మా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు మీ పెద్దమ్మ బొగ్గుల కుంపటి మీద వెదురు బుట్ట బోర్లించి, దాని మీద వాళ్ల బట్టలు ఒక్కొక్కటీ పరిచి, మాడిపోకుండా తిప్పుతూ కూర్చునేది. ఇవాళ బట్టలారబెట్టే యంత్రాలు వచ్చాయి కానీ, గట్టిగా గాలివాన వచ్చిన రాత్రి కరెంటు ఉంటుందన్న భరోసా లేదు. అందుకని నిర్ణయానికి ముందు మీరు మళ్లీ ఒకసారి అక్కడికి వెళ్లాలి, అదీ ఈ వానల్లోనే వెళ్లాలి. యాత్రికుల హోటల్లో దిగకుండా, ఊళ్లో ఎవరింట్లోనైనా అద్దెకు గది తీసుకుని కనీసం నాలుగైదు రోజులు మీ వంట మీరు వండుకుంటూ ఉండాలి.

ఆ నాలుగు రోజుల్లో అల్లుడుగారు సెలవు పెట్టకుండా తన పని తాను చేసుకోవాలని నా మాటగా చెప్పు. ఇంటి నుంచే పని చేస్తాను కనుక ఎక్కడున్నా ఒకటేనని ఆయన అనుకుంటున్నట్టు రాశావు. ఫోనులో సిగ్నలు గీతలు నిండుగా కనబడినంత మాత్రాన రోజంతా సమావేశాలు నడుస్తాయని అనుకోవడానికి లేదు. ఘాట్ రోడ్డు మీద చెట్టు పడి తీగ తెగినా, కరెంటు పోయి టవరు బ్యాటరీ దిగిపోయినా ఊరంతటికీ ఒకేసారి సంబంధాలు తెగిపోతాయి. రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లు, ఇంట్లో ఇన్వర్టరు లేనిదే ఆయన ఉద్యోగం నిలవదు. అన్నిటికంటే ముఖ్యం, కొన్ని రోజులు పని ఆగిపోతే ఆయన పైవాళ్లు ఒప్పుకుంటారా అన్నది ఇప్పుడే అడిగి, ఒప్పుకుంటే ఆ మాట రాతలో తీసుకోమను. ఆయన ఉద్యోగానికి ముప్పు వచ్చిన రోజున నీ ఉద్యోగంలోని సంతోషం కూడా మిగలదమ్మా.

నీ పని సంగతికి వస్తే, అక్కడ కాఫీ పళ్ల కోత నవంబరులో ఊపందుకుని జనవరి దాటేదాకా సాగుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి పాకించిన మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు పండించే ఆ అరబికా కాఫీకి, అది ఆ నేల ప్రత్యేకతేనని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) 2019లో వచ్చిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఎర్రగా పండిన పళ్లను కోసిన రోజే పల్పింగు చెయ్యాలి, అంటే పై తొక్క, గుజ్జు తీసి గింజను వేరు చెయ్యాలి. ఆలస్యమైతే పులిసి, గింజకు చెడు వాసన పట్టి, ఆ రైతు ఏడాది కష్టం వృథా అవుతుంది. అంటే ఊళ్ల నుంచి బస్తాలు సాయంత్రానికి చేరితే నీ అసలు పని అప్పుడు మొదలవుతుంది. చలి ఎముకలు కొరికే ఆ మూడు నెలలూ నువ్వు రాత్రి ఎప్పుడు ఇంటికి వస్తావో చెప్పలేవు, సంక్రాంతికి పుట్టింటికి రావడమూ అనుమానమే. ఇది తెలిసి ఒప్పుకుంటే ఇబ్బంది లేదు. తెలియకుండా వెళ్తే మొదటి కోత కాలంలోనే ఇంట్లో మాటామాటా పెరుగుతుంది.

సంస్థవాళ్లను అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తరువాత మన్యంలో నీడచెట్లు కూకటివేళ్లతో పడిపోయి, వాటి కింద కాఫీ మొక్కలు నలిగిపోయాయి. నేలకూలిన నీడచెట్టు మళ్లీ ఎదగాలంటే ఏళ్లు పడుతుంది. కాఫీ ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తగ్గే పంట, ధర చూస్తే విదేశీ బజారు చేతిలో ఉండేది. దిగుబడి పడిపోయిన ఏడాది మీ సంస్థ ఉద్యోగుల్ని ఏం చేస్తుంది, జీతంలో ఎంత భాగం స్థిరం, ఎంత భాగం కొనుగోళ్లను బట్టి మారుతుంది, బదిలీ చేసే హక్కు వాళ్లకు ఉందా అన్నవి నియామక పత్రంలో చదువుకో. హైదరాబాదులో ఒక ఉద్యోగం పోతే పక్క వీధిలో ఇంకొకటి వెతుక్కోవచ్చు, అరకులో నీ చదువుకు తగిన రెండో ఉద్యోగం దొరకడం కష్టం. కనీసం ఎనిమిది నెలల ఖర్చులు బ్యాంకులో విడిగా వేసుకోనిదే బయలుదేరవద్దు.

మనవడి ఆరోగ్యం గురించి మీ అమ్మకు భయముంది, ఆ భయాన్ని కొట్టిపారెయ్యను. వానలు మొదలైనప్పటి నుంచి చలికాలం దాకా ఏజెన్సీలో మలేరియా ఉంటుంది. దోమతెర కట్టుకోవడం, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించడం అనే రెండు అలవాట్లు తప్పకుండా పాటిస్తే బెంగ పడనక్కరలేదు. పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. అయినా పెద్ద జబ్బు చేస్తే విశాఖపట్నమే దిక్కు. రోడ్డు మీద అది 115 కిలోమీటర్ల దూరం, అందులో అనంతగిరి ఘాట్ ఉంది, మంచు దిగిన రాత్రి ఆ మలుపుల్లో బండి నడపడానికి అలవాటుపడిన చెయ్యి కావాలి. రైలును నమ్ముకుందామంటే, బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన ఆ కిరండూల్ మార్గంలో ప్యాసింజరు బండ్లు తక్కువ, పెద్ద వానలకు పట్టాల మీద కొండరాళ్లు పడి ఆగిపోతుంటాయి కూడా. మీ అత్తగారికి ఉబ్బసం ఉందని విన్నాను. పొగమంచు, చెమ్మ ఆ జబ్బుకు గిట్టవు. ఆవిడను చూసే డాక్టరు ఏమంటారో తెలుసుకోకుండా మీరు అవునని చెప్పడం న్యాయం కాదు. ఆవిడ మౌనాన్ని అంగీకారంగా తీసుకోకు. కొడుకు చేత అడిగించకుండా నువ్వే పక్కన కూర్చుని అడుగు.

పిల్లవాడి చదువుకు నాలుగేళ్ల వయసులో తొందర లేదు, కానీ ఐదారు తరగతులు వచ్చేసరికి ఏం చెయ్యాలన్న ప్రశ్న వస్తుంది. అక్కడికి వెళ్లే మనబోటి కుటుంబాల్లో చాలామంది ఆ సమయానికి తల్లినీ పిల్లల్నీ విశాఖలో పెట్టి తండ్రి ఒక్కడే కొండ మీద ఉండిపోతాడు. మీ విషయంలో కొండ మీద ఉండేది నువ్వవుతావు. అందుకని దీన్ని జీవితాంతపు నిర్ణయంగా కాక అయిదారేళ్ల నిర్ణయంగా చూడమని నా సలహా.

స్థిరపడాలని మనసు పడినా ఇల్లు కొనే ఆలోచన పెట్టుకోవద్దు. అది షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ, జనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరులు సెంటు భూమి కూడా కొనడానికి వీల్లేదు. గిరిజన ప్రాంతాల్లో గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ రక్షణను ఇంకా గట్టిపరిచింది. ఎవరో ఒకరు మీ దగ్గరికి వచ్చి, గిరిజనుల పేరు మీద రాయించుకుందాం, అందరూ చేసేదే అంటారు. అటువంటి మనిషిని గడప తొక్కనివ్వకు. తరతరాలుగా వడ్డీ వ్యాపారులకు పొలాలు పోగొట్టుకున్నవారికి మిగిలిన ఆ కొద్ది నేల వాళ్లదే కావాలని నేను గట్టిగా నమ్ముతాను. మీరు అద్దెకే ఉండండి. యాత్రికుల కాలంలో గదులకు మంచి రాబడి ఉంటుంది కనుక అక్టోబరులో ఖాళీ చెయ్యమని అడిగే యజమానులుంటారు. ఏడాది మాట ముందే కాగితం మీద పెట్టించుకో. హైదరాబాదులో మీ ఫ్లాటు అమ్మవద్దు, అద్దెకివ్వండి.

ఇన్ని కష్టాలు రాశానని వద్దంటున్నాననుకోకు. మేము అక్కడ గడిపిన కాలంలో మాకు దక్కిన ఆప్యాయత మళ్లీ ఎక్కడా దక్కలేదు. సంతలో పసుపు కొమ్ములు, రాజ్మా గింజలు ముందు పోసుకుని కూర్చున్న ఆడవాళ్ల దగ్గర మీ పెద్దమ్మ బేరమాడేది కాదు. ఆదివాసీ ఒడియాలో నాలుగు ముక్కలు నేర్చుకుని వాళ్ల పిల్లల బాగోగులు అడిగేది. మా చిన్నవాడికి జ్వరం తగిలినప్పుడు వాళ్లలో ఒకావిడ అడ్డాకులో తేనె చుట్టుకుని కొండ దిగి వచ్చింది. వాళ్ల ఇటుకల పండుగకు పిలిస్తే వెళ్లేవాళ్లం, మా ఇంట్లో శుభకార్యానికి వాళ్లూ వచ్చేవారు. నువ్వు చెయ్యబోయేది వాళ్ల పంటకు వెల కట్టే పని. పండు రంగు చూసి నువ్వు చెప్పే మాట మీద ఒక ఇంటి ఏడాది ఆదాయం ఆధారపడుతుంది. అందుకని వాళ్ల భాష రావడం నీకు అలంకారం కాదు, అవసరం. రైతుకు తన బస్తా ఎందుకు వెనక్కి పోయిందో అతని మాటల్లోనే చెప్పగలిగిన అధికారి అక్కడ ఒకరున్నా ఎంతో మేలు.

నెలాఖరులోగా జవాబివ్వాలన్నావు కదా, వచ్చే వారమే బయలుదేరండి. రైలు నడుస్తున్నదీ లేనిదీ ముందురోజు కనుక్కోండి. మీ అత్తగారిని కూడా తీసుకువెళ్లండి, మందులు మరచిపోవద్దు. ఊళ్లో అద్దె గది చూసిపెట్టమని నాతో పనిచేసిన మిత్రుడికి ఇవాళే ఫోను చేస్తాను. తిరిగి వచ్చాక మీ ముగ్గురు పెద్దవాళ్లూ కూర్చుని మాట్లాడుకుని, ఆ తరువాతే సంస్థకు జవాబు రాయండి. వెళ్లడానికే నిశ్చయమైతే కోతకు ముందు, సెప్టెంబరులోనే చేరేలా గడువు అడుగు. ఇల్లు సర్దుకోవడానికి, బాబును బడిలో వెయ్యడానికి ఆ నెల రోజుల వ్యవధి కావాలి.

ఇట్లు,
మీ పెదనాన్న